ఏడు గడియారాలు విప్పిన పాప: గ్రేస్ హాపర్ జీవితం



మీ ఇంట్లో బీరువా మీదో, మంచం కింద సూట్‌కేసులోనో ఒక పాత ల్యాప్‌టాప్ ఉండే ఉంటుంది. ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో పిల్లల కోసం కొన్నది కావచ్చు, మీ మొదటి ఉద్యోగం నాటిది కావచ్చు. చాలాకాలం బాగానే పనిచేసి ఉంటుంది. ఒకరోజు బటన్ నొక్కితే నల్ల తెర. ఇంకోసారి నొక్కినా అంతే. ఇంట్లో అందరూ చుట్టూ చేరి తలా ఒక మాట అంటారు. పాతదైపోయింది, పారేయమంటారు ఒకరు. వైరస్ వచ్చిందంటారు ఇంకొకరు. చివరికి వేలు పిల్లల వైపు తిరుగుతుంది. నువ్వే ఏదో నొక్కి ఉంటావు అని.

పోయిన పేరెంట్ టీచర్ మీటింగులో ఒక అమ్మగారు ఇలాంటి సంగతే చెప్పారు. వాళ్ళ అబ్బాయి ఆన్ కాని ల్యాప్‌టాప్ వెనక స్క్రూలన్నీ విప్పేశాడట. మళ్ళీ బిగించడం రాలేదట. వాళ్ళ నాన్నగారు బాగా కోప్పడ్డారట. అబ్బాయి తల వంచుకుని పక్కనే నిలబడ్డాడు. నాకు మాత్రం ఆ క్షణంలో అమెరికాలో వందేళ్ళకు పైగా వెనక పుట్టిన ఒక పాప గుర్తొచ్చింది. ఆ పాప కథే ఈ నెల మీకు చెబుతున్నాను. కథ అయ్యాక ఆ నల్ల తెర దగ్గరికి మళ్ళీ వద్దాం.

ఏడు గడియారాలు

ఆమె పూర్తి పేరు గ్రేస్ బ్రూస్టర్ మర్రే. 1906 డిసెంబర్ 9న న్యూయార్క్ నగరంలో పుట్టింది. ముగ్గురు పిల్లల్లో పెద్దది. నాన్న ఇన్సూరెన్స్ వ్యాపారంలో ఉండేవారు. అమ్మకి లెక్కలంటే ప్రాణం. కానీ ఆ కాలంలో ఆడపిల్లలకి పెద్ద లెక్కలు నేర్పేవాళ్ళు లేక ఆ కోరిక తీరలేదు. నాన్నకి జబ్బు చేసి రెండు కాళ్ళూ తీసేయాల్సి వచ్చింది. అయినా ఆయన కృత్రిమ కాళ్ళతో నడుస్తూ పని మానలేదు. కొడుకుతో సమానంగా కూతుళ్ళూ చదువుకోవాలని, తమ కాళ్ళ మీద తాము నిలబడాలని ఆయన పట్టు.

వేసవిలో ఆ కుటుంబం న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలో సరస్సు పక్కనున్న ఇంటికి వెళ్ళేది. ఆ ఇంట్లో ఏడు అలారం గడియారాలు ఉండేవి, గదికి ఒకటి చొప్పున. గ్రేస్‌కి అప్పుడు ఏడేళ్ళు. గంట ఎలా మోగుతుందో చూద్దామని తన గదిలోని గడియారం విప్పింది. లోపలున్న చక్రాలు, స్ప్రింగులు బయటికి వచ్చి పడ్డాయి. తిరిగి పెట్టడం రాలేదు. ఎలా అమర్చి ఉందో చూసుకుందామని రెండో గడియారం విప్పింది. అదీ అంతే అయింది. అలా ఒకదాని తర్వాత ఒకటి ఏడూ విప్పేసింది.

అమ్మ చూసింది. ఇక్కడే మీరు కాస్త ఆగాలి. ఆ అమ్మ కొట్టలేదు, స్క్రూడ్రైవర్ లాక్కోలేదు. ఇకమీదట ఒక్క గడియారంతోనే ప్రయోగాలు చేసుకోమని హద్దు పెట్టింది. అంటే ఆరు గడియారాలు ఇంటికి, ఒకటి పాపకి. పిల్ల కుతూహలమూ నిలబడింది, ఇంట్లో సమయమూ తెలిసింది.

లాటిన్‌లో తప్పిన అమ్మాయి

ఇంత తెలివైన పిల్ల పరీక్షలన్నీ ఒక్క ఊపులో పాసైపోయి ఉంటుందని అనుకుంటాం. లేదు. పదహారేళ్ళ వయసులో వాసర్ కాలేజీకి దరఖాస్తు పెడితే లాటిన్‌లో మార్కులు చాలక సీటు రాలేదు. ఏడాది ఆగమన్నారు. ఆ ఏడాది ఆమె ఒక బోర్డింగ్ స్కూల్లో చేరి చదువుకుంది. మరుసటి సంవత్సరం 1924లో అదే కాలేజీలో చేరింది. 1928లో లెక్కలు, ఫిజిక్స్‌తో డిగ్రీ. 1930లో యేల్ యూనివర్సిటీలో మాస్టర్స్. 1934లో అక్కడే లెక్కల్లో పీహెచ్‌డీ. ర్యాంకుల బోర్డుల మధ్య పనిచేసే నాలాంటి టీచర్లం, ఆ బోర్డులు చూసి ఫీజు కట్టే మీలాంటి తల్లిదండ్రులం ఆ పోయిన ఏడాదిని గుర్తుపెట్టుకోవాలి. ఒక సబ్జెక్టులో ఒక సంవత్సరం ఆగిపోవడం ఆమె జీవితంలో చిన్న మలుపు మాత్రమే అయింది.

1930లో విన్సెంట్ హాపర్‌ని పెళ్ళి చేసుకుంది. తర్వాత వాళ్ళు విడిపోయినా హాపర్ అనే పేరు ఆమెకి ఉండిపోయింది. 1931 నుంచి వాసర్ కాలేజీలోనే లెక్కల టీచరు. ఆమె పాఠం చెప్పే తీరు నాకు చాలా ఇష్టం. ప్రాబబిలిటీ క్లాసు మొదట్లో ఒక సూత్రం చెప్పి, దాని గురించి వ్యాసం రాసుకురమ్మనేది. వ్యాసంలో భాష ఎంత స్పష్టంగా ఉందో చూసి దిద్దేది. ఇది లెక్కల క్లాసు కదా, ఇంగ్లిష్ క్లాసు కాదు కదా అని పిల్లలు గొణిగేవాళ్ళు. ఎంత లెక్క వచ్చినా అవతలివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పలేకపోతే ఆ లెక్క వల్ల ఉపయోగం లేదని ఆమె సమాధానం. ఇంగ్లిష్ టీచరుగా నేను ఈ సంగతిని మా లెక్కల సార్లకి తరచూ చెబుతూ ఉంటాను.

పదిహేను పౌండ్లు తక్కువ

1941 డిసెంబర్‌లో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది. అమెరికా యుద్ధంలోకి దిగింది. గ్రేస్ ముత్తాత నౌకాదళంలో రియర్ అడ్మిరల్‌గా చేసినవాడు. తనూ నౌకాదళంలోనే చేరాలనుకుంది. వాళ్ళు వద్దన్నారు. వయసు ఎక్కువన్నారు. కనీసం 120 పౌండ్ల బరువు ఉండాలి, ఆమె 105 పౌండ్లే ఉంది. పైగా యుద్ధకాలంలో లెక్కల ప్రొఫెసర్ కాలేజీలో ఉండటమే దేశానికి మేలన్నారు. ఆమె ఒక్కో అభ్యంతరానికీ మినహాయింపు తెచ్చుకుంది, కాలేజీ నుంచి సెలవూ తెచ్చుకుంది. 1943 డిసెంబర్‌లో నౌకాదళ రిజర్వులో చేరింది. శిక్షణలో తనకంటే ఎంతో చిన్నవాళ్ళతో పోటీపడి, 1944లో తన బ్యాచ్‌లో మొదటి స్థానంలో బయటికి వచ్చింది.

ఓడ ఎక్కిస్తారనుకుంటే హార్వర్డ్ యూనివర్సిటీకి పంపారు. అక్కడ ఆమె కోసం ఎదురుచూస్తున్నది 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు, సుమారు 5 టన్నుల బరువున్న ఒక యంత్రం. పేరు మార్క్ వన్. దాన్ని రూపొందించిన హోవార్డ్ ఐకెన్ చాలా కటువైన అధికారి. ఆలస్యంగా వచ్చావని కోప్పడి, యంత్రం చూపించి, వెంటనే ఒక లెక్క అప్పజెప్పాడు. ఆమె అంతకుముందు కంప్యూటర్ అనేదాన్ని చూసి ఎరగదు. అసలు అప్పటికి ప్రపంచంలో చూసినవాళ్ళే బహు తక్కువ.

మార్క్ వన్ సెకనుకి మూడు కూడికలు చేసేది. ఒక భాగహారానికి పదిహేను సెకన్లు పట్టేది. ఇవాళ మన జేబులోని ఫోన్‌తో పోలిస్తే నవ్వొస్తుంది. కానీ ఆ రోజుల్లో మనుషులు నెలల తరబడి కాగితాల మీద చేసే లెక్కల్ని అది రోజుల్లో చేసిపెట్టేది. ఫిరంగి గుండు ఎంత దూరం పోతుంది లాంటి పట్టికలు తయారు చేయడం దాని పని. యుద్ధం కాబట్టి పగలూ రాత్రీ నడవాల్సిందే. ఆగిపోతే నిద్రపోతున్నవాళ్ళని లేపి పిలిచేవారు.

యంత్రంలోనా, ఆదేశంలోనా?

ఆ యంత్రానికి ఏం చేయాలో కాగితపు టేపుకి రంధ్రాలు కొట్టి చెప్పాలి. ఒక్క రంధ్రం తప్పు చోట పడితే జవాబు మొత్తం తప్పు. లోపల ఏడు లక్షలకు పైగా విడిభాగాలు, వందల మైళ్ళ తీగ. వాటిలో ఏది చెడినా జవాబు తప్పే. కాబట్టి జవాబు తేడాగా వచ్చిన ప్రతిసారీ గ్రేస్, ఆమె తోటివాళ్ళు మొట్టమొదట తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటే. తప్పు యంత్రంలో ఉందా, మనం ఇచ్చిన ఆదేశంలో ఉందా?

ఈ ప్రశ్న వేయకుండా చేసే రిపేరు అంతా గుడ్డి రిపేరే. ఆదేశంలో తప్పుంటే వెయ్యి తీగలు మార్చినా లాభం లేదు. తీగ ఊడిపోతే టేపు వందసార్లు కొట్టినా లాభం లేదు. అందుకే అక్కడ ఏం జరిగినా ఒక పుస్తకంలో సమయంతో సహా రాసేవారు. ఎప్పుడు ఆన్ చేశారు, ఏ పరీక్ష పెట్టారు, ఎక్కడ ఆగింది, ఏ భాగం మార్చారు అన్నీ అందులో ఉండేవి. తర్వాతి షిఫ్టులో వచ్చినవాళ్ళు మళ్ళీ మొదటినుంచి తడుముకోనక్కర్లేదు. ఆ యంత్రాన్ని ఎలా నడపాలో ఒక పుస్తకమే రాయమని ఐకెన్ గ్రేస్‌ని ఆదేశించాడు. ఎన్నడూ పుస్తకం రాయలేదంటే, ఇప్పుడు రాస్తావన్నాడు. ఐదు వందల పేజీలకు పైగా ఉన్న ఆ మాన్యువల్ 1946లో వచ్చింది.

తర్వాత మార్క్ టూ తయారైంది. 1947 సెప్టెంబర్ 9న అది పనిచేస్తూ చేస్తూ తప్పు చూపించింది. ఆపరేటర్లు ఒక్కో ప్యానెల్ పరీక్షించుకుంటూ వెళ్ళారు. ఎఫ్ అనే ప్యానెల్‌లో 70వ నంబరు రిలేలో ఒక రెక్కల పురుగు ఇరుక్కుని చచ్చిపడి ఉంది. రిలే అంటే విద్యుత్తు వచ్చినప్పుడు మూసుకునే, పోయినప్పుడు తెరుచుకునే చిన్న స్విచ్. మధ్యలో పురుగు పడితే మూసుకోదు, విద్యుత్తు దాటదు.

వాళ్ళు ఆ పురుగుని జాగ్రత్తగా తీసి, లాగ్‌బుక్‌లో టేపుతో అతికించారు. నిజమైన బగ్ దొరికిన మొదటి సందర్భం ఇదేనని పక్కన సరదాగా రాశారు. టైము 15:45 అని వేశారు. ఇంగ్లిష్‌లో బగ్ అంటే పురుగు. యంత్రంలో అంతుచిక్కని లోపాన్ని బగ్ అనడం ఎడిసన్ కాలం నుంచీ ఇంజనీర్లకి అలవాటే. ఆ మాట పుట్టించింది గ్రేస్ కాదు, ఆ పురుగుని పట్టుకున్నదీ ఆమె కాదు. కానీ జీవితమంతా ఆ కథని ఎక్కడికి వెళ్ళినా చెప్పి, బగ్, డీబగ్గింగ్ అనే మాటల్ని ప్రపంచమంతా పాకించింది ఆమే. ఆ లాగ్‌బుక్ పేజీ, దాని మీద పురుగు ఇప్పటికీ వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

నా దృష్టిలో ఆ పేజీలో గొప్పది పురుగు కాదు. దాని పక్కనున్న టైము, ప్యానెల్ పేరు, రిలే నంబరు. లోపం ఎక్కడ దొరికిందో అంత ఖచ్చితంగా రాసి పెట్టిన అలవాటు గొప్పది.

మాటలు అర్థం చేసుకునే యంత్రం

హార్వర్డ్‌లో ఆమెకి శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1949లో ఎకర్ట్, మాక్లీ అనే ఇద్దరు ఇంజనీర్లు పెట్టిన కంపెనీలో చేరింది. యూనివాక్ కంప్యూటర్ తయారవుతున్నది అక్కడే.

ఆమె చేసిన పెద్ద పని కూడా తప్పుల నుంచే పుట్టింది. ఒకరు రాసిన ప్రోగ్రాములో బాగా పనిచేసిన ముక్కని ఇంకొకరు తమ నోటుబుక్కులోకి చేత్తో ఎక్కించుకునేవారు. ఎక్కించుకోవడంలో తప్పులు దొర్లేవి. ఒక అంకె ఇంకో అంకెలా, ఒక అక్షరం అంకెలా కనిపించేది. మనుషులు చూసి రాయడంలోనూ, కూడడంలోనూ పొరపాట్లు చేస్తారు, కంప్యూటర్ చేయదు కదా, మరి ఆ పని కంప్యూటర్‌కే ఎందుకు అప్పజెప్పకూడదు అనుకుంది. పనిచేసే ముక్కల్ని టేపు మీద దాచిపెట్టి, పిలిచినప్పుడు యంత్రమే వాటిని వెతికి జతచేసేలా 1952లో ఒక ప్రోగ్రాము రాసింది. దానికి కంపైలర్ అని పేరు పెట్టింది. ఇవాళ మన ఫోనులోని ప్రతి యాప్ వెనకా ఉన్న కంపైలర్లకి అది తొలి మెట్టు. కంప్యూటర్ లెక్కలే చేస్తుంది, ప్రోగ్రాములు రాయలేదని చెప్పి మొదట్లో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

తర్వాత ఇంకో అడుగు వేసింది. ఆఫీసుల్లో లెక్కలు చూసేవాళ్ళకి గుర్తులూ సమీకరణాలూ నచ్చవు, వాళ్ళకి తెలిసిన మాటల్లోనే కంప్యూటర్‌తో మాట్లాడనివ్వాలంది. ఇంగ్లిష్ మాటలు కంప్యూటర్‌కి అర్థం కావన్నారు. యంత్రానికి ఇంగ్లిష్ అయినా ఒకటే, ఇంకో భాష అయినా ఒకటే అని చూపించడానికి ఫ్రెంచ్, జర్మన్ మాటలతోనూ అదే ప్రోగ్రాము నడిపి చూపించింది. మేనేజర్లు మెచ్చుకోవడానికి బదులు కంగారుపడ్డారు. అమెరికా కంప్యూటర్ పరాయి భాష మాట్లాడటమేంటని! చివరికి ఆమె తయారు చేసిన ఫ్లోమాటిక్ భాష పునాదిగా, 1959లో మొదలైన ఒక కమిటీ కృషితో కోబాల్ భాష వచ్చింది. ఆ కమిటీకి ఆమె సలహాదారు.

కోబాల్ అంటే ఈ పత్రిక చదివే మీలో కొందరికి వెంటనే ఒక పాత రోజు గుర్తొస్తుంది. బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీల ప్రోగ్రాములు ఎన్నో కోబాల్‌లోనే ఉండేవి. వాటిలో చాలా చోట్ల సంవత్సరాన్ని రెండు అంకెలతోనే రాశారు. 2000 రాగానే 00 అనేది 1900 అవుతుందనే భయం పట్టుకుంది. ఆ లోపాన్ని వెతికి దిద్దడానికి వేలమంది కావాల్సి వచ్చింది. 1990ల చివర్లో హైదరాబాద్ అమీర్‌పేటలో కోబాల్ కోర్సుల బోర్డులు వెలిసింది అందుకే. ఎంతోమంది తెలుగు కుర్రాళ్ళు అమెరికా విమానం ఎక్కింది ఆ పని మీదే. గ్రేస్ పేరు తెలియకపోయినా ఆమె వేసిన దారిలోనే వాళ్ళు నడిచారు.

వెనక్కి తిరిగే గడియారం

1966 చివర్లో వయసు మీద పడిందని నౌకాదళం ఆమెని రిటైర్ చేసింది. ఏడాది తిరక్కుండా, 1967లో, తమ ప్రోగ్రాములు గందరగోళంగా ఉన్నాయి, ఆరు నెలలు వచ్చి సరిచేయమని మళ్ళీ పిలిచింది. ఆ ఆరు నెలలు పంతొమ్మిదేళ్ళు సాగాయి.

ఆమె ఆఫీసు గోడకి ఒక గడియారం ఉండేది. దాని ముల్లులు ఎడమ వైపుకి తిరిగేవి. మొదట చూసినవాళ్ళు తికమకపడేవారు, తర్వాత టైము సరిగ్గానే చెబుతుందని గ్రహించేవారు. మేము ఎప్పుడూ ఇలాగే చేస్తాం అనే మాట ఆమెకి అస్సలు గిట్టేది కాదు. గడియారం కుడికే తిరగాలని లేదని ఆ గోడ రోజూ గుర్తుచేసేది.

ఉపన్యాసాలకి వెళితే సంచిలో తీగ ముక్కలు పట్టుకెళ్ళేది. ఒక్కోటీ సుమారు 30 సెంటీమీటర్లు. సెకనులో వంద కోట్లవ వంతులో విద్యుత్తు దాటగలిగే గరిష్ట దూరం అది. నానోసెకను అంటే ఏమిటో మాటల్లో చెబితే ఎవరికీ తలకెక్కదు కాబట్టి దాన్ని చేతిలో పెట్టేది. ఏడేళ్ళప్పుడు గడియారం విప్పి చూసిన పాపే, పెద్దయ్యాక కంటికి కనబడని సమయాన్ని కోసి పంచిపెట్టింది.

1986 ఆగస్టులో, 79 ఏళ్ళ వయసులో, రియర్ అడ్మిరల్ హోదాలో ఆమె చివరిసారిగా రిటైర్ అయింది. ఆ సభ బోస్టన్‌లో ఒక పాతకాలపు యుద్ధనౌక మీద జరిగింది. అయినా ఇంట్లో కూర్చోలేదు. ఒక కంప్యూటర్ కంపెనీకి సలహాదారుగా చేరింది. 1992 జనవరి 1న, 85 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. తర్వాత ఒక యుద్ధనౌకకి ఆమె పేరు పెట్టారు. 2016లో అమెరికా తన అత్యున్నత పౌర పురస్కారాన్ని ఆమెకి మరణానంతరం ఇచ్చింది.

ఇక మన నల్ల తెర దగ్గరికి

ఆమె గురించి చదవకముందు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. బీఎడ్ చదివేటప్పుడు నా పాత ల్యాప్‌టాప్ మొరాయించడం మొదలుపెట్టింది. ఒకసారి ఆన్ అయితే మూడుసార్లు అయ్యేది కాదు. మధ్యలో నీలం తెర వచ్చి ఆగిపోయేది. టీచింగ్ ప్రాక్టీసు రికార్డు ఇవ్వాల్సిన వారం అది. పరుగున ఒక షాపుకి పట్టుకెళ్ళాను. విండోస్ పోయింది, ఫార్మాట్ చేయాలన్నారు. సరే, త్వరగా ఇవ్వండన్నాను. లోపల ఏముందో వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు. రెండు రోజులు పనిచేసి మళ్ళీ అదే నీలం తెర. చివరికి హాస్టల్లో ఇంజనీరింగ్ చదివిన ఒక అక్క వెనక మూత తీసి, ర్యామ్ చిప్ బయటికి తీసి, తుడిచి, గట్టిగా నొక్కి పెట్టింది. అంతే, ఆన్ అయింది. ఇప్పటికీ నడుస్తోంది.

తప్పు యంత్రంలో ఉంటే మేము ఆదేశాల్ని చెరిపేశాం. రికార్డు మళ్ళీ రాసుకున్నాను. మా నాయనమ్మ చివరి సంక్రాంతికి ముగ్గు వేస్తుండగా తీసిన ఫొటోలు మాత్రం తిరిగి రాలేదు. వాటికి ఇంకో కాపీ లేదు.

అందుకే ఈ కింది వరస మీ ఇంటి కోసం. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చి, చేసిన ప్రతి పనీ టైముతో రాయమనండి. ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు.

1. ముందు కరెంటు. చార్జర్ లైటు వెలుగుతోందా? వేరే సాకెట్‌లో పెట్టి చూడండి. వీలైతే అదే మోడల్‌కి సరిపోయే ఇంకో చార్జర్‌తో చూడండి. బ్యాటరీ ఊడదీసే రకమైతే తీసేసి, చార్జర్ కూడా తీసేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టండి. లోపల మిగిలిన విద్యుత్తు పోతుంది. తర్వాత చార్జర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. అప్పుడు ఆన్ అయితే అనుమానం బ్యాటరీ మీదే.

2. పెన్‌డ్రైవ్, మౌస్, మెమరీ కార్డు అన్నీ తీసేయండి. మరిచిపోయిన పెన్‌డ్రైవ్‌లో విండోస్ కోసం వెతుక్కుంటూ ఆగిపోయే ల్యాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి.

3. లైటు వెలిగి, ఫ్యాన్ తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే, గదిలో లైటు ఆపి తెర మీద టార్చ్ వేయండి. మసకగా బొమ్మ కనబడితే తెర వెనక వెలుతురు పోయిందన్నమాట. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపి చూడండి. టీవీలో వస్తే కంప్యూటర్ బాగానే ఉంది, చెడింది తెర లేదా దాని తీగ.

4. బీప్ శబ్దాలు వస్తే ఎన్ని వచ్చాయో, పొడుగువా, పొట్టివా అని రాసుకోండి. అది యంత్రం తన జబ్బు చెప్పే భాష. ఏ శబ్దానికి ఏ అర్థమో కంపెనీని బట్టి మారుతుంది. తరచుగా అది ర్యామ్ గురించే ఉంటుంది. ర్యామ్ తీసి పెట్టాలంటే చార్జర్, బ్యాటరీ రెండూ తీసేశాకే మూత విప్పాలి. బ్యాటరీ లోపల బిగించిన రకమైతే టెక్నీషియన్‌కి వదిలేయండి.

5. కంపెనీ గుర్తు వచ్చి ఆగిపోయి, డిస్క్ దొరకడం లేదని తెర మీద ఇంగ్లిష్‌లో వస్తే ఆ వాక్యాన్ని ఫోన్‌తో ఫొటో తీయండి. తేదీ పదేళ్ళ వెనక్కి పోయి ఉందేమో చూడండి. పాత ల్యాప్‌టాప్‌ల మదర్‌బోర్డు మీద నాణెం లాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే తేదీతోపాటు ఏ డిస్క్ నుంచి మొదలవ్వాలనే సెట్టింగూ మరిచిపోవచ్చు. ఆ చిన్న బ్యాటరీ ఖరీదు చాలా తక్కువ.

6. హార్డ్ డిస్క్ నుంచి టకటకమని శబ్దం వస్తే వెంటనే ఆపేయండి. మళ్ళీ మళ్ళీ ఆన్ చేసిన కొద్దీ లోపలున్నది పోయే ప్రమాదం పెరుగుతుంది. ముఖ్యమైన ఫైళ్ళుంటే డేటా తీసిచ్చేవాళ్ళ దగ్గరికే వెళ్ళండి.

7. విండోస్ మొదలై మధ్యలో ఆగితే అప్పుడు అనుమానం ఆదేశాల మీదికి మళ్ళాలి. సేఫ్ మోడ్, స్టార్టప్ రిపేర్ ప్రయత్నించండి. అవీ కుదరకపోతే లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసి, ఫొటోలు, ఫైళ్ళు ముందు బయటికి కాపీ చేయించండి. ఫార్మాట్ అన్నిటికంటే చివర. కాపీ తీశారా అని మీరే అడగండి, షాపువాళ్ళు అడుగుతారని చూడకండి.

ఒక్క హెచ్చరిక. బ్యాటరీ ఉబ్బి, అడుగు భాగం పైకి లేచినట్టుంటే దాన్ని నొక్కకండి, గుచ్చకండి, చార్జింగ్ పెట్టకండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. దాన్ని తెలిసినవాళ్ళే తీయాలి.

ఇవన్నీ చేసినా ఒక్కోసారి ల్యాప్‌టాప్ బతకదు. మదర్‌బోర్డు పోయి ఉంటుంది. అప్పుడూ నోటుబుక్కు వృథా కాదు. ఆ పేజీ పట్టుకుని షాపుకి వెళితే, ఏది పోయిందో మీరే సగం చెప్పగలరు. పనికిరాని రిపేరుకి డబ్బు పెట్టరు. మీ పిల్లవాడు ఒక సమస్యని ముక్కలు చేసి చూడటం నేర్చుకుంటాడు. ఏ కోచింగ్ మెటీరియల్‌లోనూ దొరకని పాఠం అది.

మొదట చెప్పిన అబ్బాయి సంగతి. మీటింగ్ అయ్యాక వాళ్ళ అమ్మగారికి గ్రేస్ గడియారాల కథ చెప్పాను. మరుసటి వారం ఆవిడ నవ్వుతూ ఫోన్ చేశారు. ఆన్ కాని ఆ ల్యాప్‌టాప్‌లోంచి బ్యాటరీ తీయించేసి, మిగతాదంతా అబ్బాయికే ఇచ్చేశారట. ఇంట్లో పనిచేసే వస్తువుల జోలికి మాత్రం వెళ్ళకూడదని ఒప్పందమట. వాడు స్క్రూలన్నీ ఒక పాత ఇడ్లీ ప్లేటు గుంటల్లో వరసగా పెట్టుకుని, ఏది ఎక్కడిదో కాగితం మీద రాసుకుంటున్నాడట.

ఇడ్లీ ప్లేటు ఆలోచన ఎవరిదో అడగలేదు. వాళ్ళ నాన్నగారిదై ఉంటుందని నా అనుమానం.